ఎలుక చచ్చిన వాసన

పంజాగుట్ట చౌరస్తాలో, ఫ్లైఓవర్ కింద, మేం రోడ్డు దాటుతుండగా కుక్క పట్టా తెగిపోయింది. లాగీ లాగీ తెగిందంటే కొంత గౌరవంగా ఉండేది. నానిన అట్టముక్క చిరిగినట్టు, చప్పుడైనా లేకుండా ఊడి నా చేతిలోకి వచ్చేసింది. కుక్క పేరు బిస్కెట్. వానలో వణుకుతూ దొరికిందని మా మనవరాలు షారోన్ ఎత్తుకొచ్చిన ఊరకుక్క. ఇప్పుడు దూడంత అయింది, దూడలాగే లాగుతుంది. పట్టా ఊడగానే అది బస్సుకీ కారుకీ మధ్యలోంచి దూసుకుపోయింది. షారోన్ కెవ్వున అరిచింది. ఒక ఆటో కీచుమంటూ ఆగింది. ఆ డ్రైవరే దిగి, కుక్కను మెడ దగ్గర ఒడిసిపట్టి, తెచ్చి నాకప్పగించాడు. "ఏందమ్మా, జర చూస్కోవద్దా? గీ ఫ్యాషన్ పట్టాలు నమ్ముకుంటే కుక్క పోతది, దాన్ని తప్పియ్యబోయి నేను సుత పోత" అన్నాడు. ఆయనకు దండం పెట్టాను.

ఇంటికొచ్చాక ఆ తెగిన కొసను కిటికీ వెలుగులో పెట్టి చూసి ఛీ అనుకున్నాను. కుక్క ఛాతీకీ వీపుకీ కలిపి కట్టే ఈ పట్టీల అల్లికను కొట్లలో హార్నెస్ అంటారు. మా ఇంట్లో పట్టా అనే అనేవాళ్లం, నేనూ అలాగే అంటాను. పైన నిగనిగలాడే గోధుమరంగు పొర, కాగితమంత పలచన. లోపల తోలు పొట్టును జిగురుతో కలిపి నొక్కిన పిండి, గోటితో గీరితే బల్ల మీద రాలింది. అంచు వెంబడి తెల్లదారంతో వరసైన కుట్టు. ఆ కుట్టు దేన్నీ పట్టుకోవడం లేదు, చూడ్డానికి వేసిందంతే. పైన పటారం, లోన లొటారం. దాని మీద బంగారు అక్షరాలతో అసలైన తోలు, చేత్తో చేసింది అని ఇంగ్లీషులో అచ్చేసి ఉంది. ఎవరిదో ఆ చెయ్యి, ఒకసారి చూడాలనిపించింది.

మర్నాడు ఆ ముక్కను సంచిలో వేసుకుని, షారోన్‌ని వెంటబెట్టుకుని కొన్న చోటికే వెళ్లాను. మాల్ మూడో అంతస్తులో కుక్కల సామాన్ల కొట్టు. అక్కడి అమ్మాయి విసుక్కోకుండా ఇంకో పట్టా తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది. "స్మెల్ చూడండి మేడమ్, ప్యూర్ లెదర్ స్మెల్." చూశాను. నిజంగానే తోలు వాసన. ఇంత పిండిముద్దకు అంత వాసన ఎలా వచ్చిందమ్మా అని అడిగితే, ఆ పిల్ల దాచుకోలేదు. "స్ప్రే కొడతరు మేడమ్. లెదర్ పర్ఫ్యూమ్. కింద ఫ్లోర్‌ల మనుషులకు సుత దొరుకుతది, మస్తు నడుస్తుంది" అంది. షారోన్ ముచ్చటపడింది. కిందికి దిగి, ఆ సీసాలోంచి కాగితప్పట్టీ మీద కొట్టించుకుని, "భలే ఉంది కదా అమ్మమ్మా" అని నా ముఖం మీదికి తెచ్చింది. నేను ముఖం పక్కకు తిప్పేసుకున్నాను. పక్కనున్న గాజు అరను పట్టుకుని నిలబడ్డాను.

మనుషులు కోరి పూసుకుంటున్నారట. ఆ వాసనను మా ఇంట్లోంచి వెళ్లగొట్టాలని నేను చేసిన పనికి ఒక కుక్క ప్రాణం మీదికి వచ్చింది, మా నాయిన చేతిపని మట్టిలో కలిసింది. నలభై ఏళ్లు దాటింది, ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే నా మీద నాకున్న రోత తగ్గుతుందని కాదు గానీ, ఆ సీసా చూశాక దాచుకోవడం కూడా ఒక స్ప్రే కొట్టడమే అనిపించింది.

అమీర్‌పేటలో ఇప్పుడు కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్న వీధి వెనకే మా పెంకుటిల్లు ఉండేది. దాని స్థానంలో ఇవాళ అయిదంతస్తుల లేడీస్ హాస్టల్ ఉంది. గేటు ముందు మురుగు నీళ్లు, కరెంటు తీగల చిక్కుముళ్లు, కాళ్ల కింద తొక్కుడుపడే కరపత్రాలు. ఆ వీధిలో నడవాలంటే నాకిప్పుడు వెగటు. అప్పుడైనా ఏం ముద్దొచ్చేది కాదులెండి. మా ఇంట్లో రెండు గదులు, మధ్యలో నడవ, వెనక పెరడు. నడవలో మా నాయిన యేసోబు పీట వేసుకుని కూర్చునేవాడు. ఆయన ముందు తోలు కోసే రంపె, బెజ్జాలు పొడిచే ఆరె, నీళ్లలో నానుతున్న పట్టీలు. తంగేడు చెక్కతోనూ కరక్కాయతోనూ పదును చేసిన ఎద్దుతోలు చుట్టలు చుట్టలుగా గోడకు ఆనించి ఉండేవి. దానికి తోడు ఆయన మందు అని పిలుచుకునే ఒక పదార్థం. పశువుల కొవ్వు, తేనెమైనం, ఆముదం కలిపి పెరట్లో కుంపటి మీద కరిగించేవాడు. అది కాగుతున్నంతసేపూ అమ్మ పప్పు మీద మూత తీసేది కాదు. ఎంత మూత పెట్టినా మా పప్పులో కొవ్వు వాసన వచ్చేది. మా దుప్పట్లలో వచ్చేది. నా నోటుపుస్తకాలు తెరిస్తే వచ్చేది. ఆ వాసనంటే నాకు అసహ్యం. మెత్తని మాట వెతకను, అసహ్యమే.

నాయిన చేసేవి పనిచేసే కుక్కల పట్టాలు. ఇళ్లు కూలినప్పుడు మట్టిపెళ్లల కింద చిక్కుకున్నవాళ్లనీ, తప్పిపోయినవాళ్లనీ వాసన పట్టి వెతికే కుక్కలను సాకే ఒక చిన్న సంస్థ ఆ రోజుల్లో ఉండేది. పేరు ఎందుకులెండి, అదీ లేదు, దాని సార్లూ లేరు. కుక్కను తాళ్లతో గోతుల్లోకి దింపుతారు. దాని బరువంతా ఛాతీ కిందున్న పట్టీ మీదే పడుతుంది. అందుకని నాయిన ఒకే దారం రెండు కొసలకు రెండు సూదులు ఎక్కించి, ఒకే బెజ్జంలోంచి ఎదురెదురుగా దూర్చి కుట్టేవాడు. "ఒక పోగు తెగినా రెండోది ఇడువది" అనేవాడు. కొలత తీసే పద్ధతీ వేరు. కుక్కకు కడుపునిండా తిండిపెట్టి, నీళ్లు తాగించి, ఆ తర్వాతే తాడు చుట్టి కొలిచేవాడు. ఖాళీ కడుపు మీద కొలిస్తే తిన్న కుక్కకు ఊపిరాడదట.

అన్నిటికంటే నాకు రోత పుట్టించిన అలవాటు ఇంకొకటి. పట్టా తయారయ్యాక మనిషి ఒంటికి పొడవు చాలేట్టు దానికి ఒక అతుకు పట్టీ తగిలించి, కుక్క కంటే ముందు తానే కట్టుకునేవాడు. బనీను మీద కాదు, ఒంటి మీద. భుజం మీంచి ఛాతీ మీదుగా చంక కిందికి బిగించి, పైన చొక్కా వేసుకుని రెండు రోజులు అలాగే తిరిగేవాడు. కూరగాయలకు అలాగే వెళ్లేవాడు, నిద్రా అలాగే. చెమటకు కొవ్వు కరిగి చొక్కా మీద జిడ్డు మరకలు తేలేవి. రెండు రోజులయ్యాక విప్పితే ఎక్కడ ఎర్రగా కమిలిందో చూసుకుని, అక్కడ అంచును రంపెతో చెక్కి గుండ్రం చేసేవాడు. ఎందుకు నాయినా ఈ దరిద్రం అని ఒకసారి గట్టిగానే అడిగాను. కోపం రాలేదు ఆయనకు. "కుక్కకు నోరున్నదా బిడ్డా? యాడ ఒరుసుకుంటుందో అది చెప్తదా? నేనైతే చెప్త" అన్నాడు.

ఇంకో కట్టడి కూడా ఉండేది. మా ఇంట్లో వాసన సబ్బు రాదు, పౌడరు రాదు, అగరొత్తి మాకు ఎలాగూ లేదు. తయారైన పట్టాలు దాచే రేకుపెట్టె దగ్గరికి తలనూనె రాసుకున్న చేత్తో పోకూడదు. మల్లెపూలు పెట్టుకుంటే పెరటి తలుపులోంచే రావాలి. "కుక్కకు ముక్కే కన్ను. తోలు వాసన దానికి రెండు దినాలల్ల అలవాటైతది, అది సుత ఒక జంతువు వాసనే గదా. మనిషి తయారుజేసిన వాసన మాత్రం దాని కన్నుల కారం కొట్టినట్టే" అని నాయిన చెప్పగా చెప్పగా నాకు కంఠతా వచ్చింది. తెలియక చేశానని చెప్పుకునే అవకాశం నాకు లేదు, అందుకే ఈ మాట ముందే రాస్తున్నాను.

ఆదివారం చర్చికి వెళ్లేముందు నాయిన నిమ్మచెక్కతో చేతులు అరగంట రుద్దుకునేవాడు. అయినా వాసన పోయేది కాదు. వెనక బెంచీ చివర కూర్చునేవాడు, ఆయన పక్కన ఇద్దరు పట్టేంత చోటు ఖాళీగా ఉండేది. ప్రార్థన అయ్యాక అందరూ చేతులు కలుపుకునే వేళ, ఎదుటివాళ్లకు ఇబ్బంది ఎందుకని ఆయనే చేతులు వెనక్కి కట్టుకుని నవ్వుతూ నిలబడేవాడు. మందిరంలో సోదరా అని పాడి, బయట ముక్కు పక్కకు తిప్పుకునే ఆ మర్యాదస్తులను తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ వాళ్లననేంత మొహం నాకూ లేదు. నేనూ ఆడవాళ్ల వరసలో ముందు బెంచీ మీద, ఆయన మా నాయిన కానట్టే కూర్చునేదాన్ని.

అప్పుడు నేను డిగ్రీ మొదటి సంవత్సరం. పద్మజ అని శ్రీనగర్ కాలనీ పిల్ల, కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగస్తుల కుటుంబం, నాతో చదివేది. చల్లని పిల్ల, నిజం చెప్పాలంటే దాని తప్పు ఈ కథలో ఏమీ లేదు. మా నాన్న ఏం చేస్తాడని అడిగితే బ్యాగుల వ్యాపారం అని చెప్పాను. కులం పేరు ఎవరూ అడగనక్కర్లేకుండా మా వాకిలే చెప్పేసేది కాబట్టి, ఎవర్నీ ఆ వాకిలి దాకా రానివ్వకపోవడం నా చదువుతో సమానమైన పని అయిపోయింది. ఒక మధ్యాహ్నం అది నోట్సు తిరిగివ్వడానికి చెప్పాపెట్టకుండా వచ్చేసింది. గడపలో అడుగు పెట్టి, చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏంటే కరుణా ఈ వాసన? ఏదైనా చచ్చిందా?" అంది.

"ఎలుక" అన్నాను. "ఎలుక చచ్చినట్టుంది."

లోపలి గదిలో నాయిన ఉన్నాడు. ఆ రోజు కూడా చొక్కా కింద పట్టా ఉంది, షీలా అనే కుక్క కోసం చేసింది. నా మాట ఆయన విన్నాడని, ఆరె కిందపెట్టిన చప్పుడుతో తెలిసింది. బయటికి వస్తాడు, అంతా అయిపోతుంది అనుకున్నాను. వచ్చాడు. చీపురు చేత పట్టుకుని వచ్చాడు. "అవునమ్మా, పొద్దుగాల్నుంచి దేవులాడుతున్న. యాడ సచ్చిందో దొరుకుతలేదు" అని మోకాళ్ల మీద కూర్చుని, మంచం కింద తల పెట్టి, చీపురుతో మూలమూలా కదిలించాడు. చొక్కా వీపు మీదికి బిగుసుకుని కింద పట్టీ గీత కనిపించింది. పద్మజ అయ్యో అంకుల్, ఉండనివ్వండి అంటోంది. ఆయన మాత్రం లేని ఎలుకను చాలాసేపే వెతికాడు.

ఆ తర్వాత నాయిన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. పద్మజ వెళ్తూ వెళ్తూ, ఆదివారం అమ్మను తీసుకుని అక్క పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వస్తానంది. ఎలుక సాకు రెండోసారి చెల్లదు. వీధి చివర కిరాణాకొట్టులో బట్టల పెట్టెల్లో వేసే డాంబర్ గోళీలు రెండు పొట్లాలు తెచ్చాను. తోలుచుట్టల వెనక కొన్ని వేశాను, మంచం కింద కొన్ని వేశాను. రేకుపెట్టె ముందు ఒక క్షణం ఆగాను. అందులో షీలా పట్టా ఉంది, నాయిన రెండు రోజులు కట్టుకుని, అంచులు చెక్కి, అప్పగించడానికి సిద్ధం చేసింది. ఇంట్లో కంపంతా ఆ పెట్టెలోంచే వస్తోందని నాకనిపించింది. మూత తీసి, మిగిలిన గోళీలన్నీ గుప్పెడు గుప్పెడుగా పట్టా మీద పోసి మూత వేశాను. ఆ వారం నాయినకు జలుబు, ముక్కు పూర్తిగా దిబ్బడేసి ఉంది. అది కూడా నేను చూసుకునే చేశాను.

ఆదివారం పద్మజా, వాళ్లమ్మగారూ వచ్చారు. డాంబర్ వాసనకు కళ్లు మండేట్టున్నా, అది మర్యాదగల వాసన, పెట్టెలున్న ఇంటి వాసన. "ఇల్లు శుభ్రంగా పెట్టుకున్నారండీ" అన్నారు ఆవిడ అమ్మతో. మంచినీళ్లు మాత్రం వద్దన్నారు. నాకు ఆ నీళ్ల గ్లాసు కనిపించలేదు, మెప్పు ఒక్కటే వినిపించింది. వాళ్లు వెళ్లాక గోళీలు ఏరి పారేశాను. సోమవారం నర్సింగ్ వచ్చి పట్టా తీసుకెళ్లాడు. షీలాను సాకి, నేర్పించి, దానితో పాటు గోతుల్లోకి దిగే మనిషి ఆయన. పట్టా ఎత్తగానే కొత్త వాసన తగిలిందట, పెట్టె వాసనేలే అనుకున్నాడట. అనుకోడూ మరి, ఆ ఇంటి నుంచి తప్పు పట్టా వస్తుందని ఎవరనుకుంటారు.

బుధవారం పొద్దున నర్సింగ్ మళ్లీ వచ్చాడు, షీలాతో. కుక్క తల వంచుకుని, ముందుకాళ్లతో మూతి తుడుచుకుంటోంది. మా నాయినను చూస్తే ఎగిరి మీద పడే కుక్క, ఆ రోజు గడప దగ్గరే కూలబడింది. నర్సింగ్ పట్టాను నాయిన ముందు పారేశాడు. "ఏం జేసినవ్ యేసోబన్నా దీనికి? సార్ల ముంగట పరీక్ష పెట్టిన్రు. మట్టి కింద మనిషిని దాచిపెట్టిన్రు. గిది అడుగు ముందుకేస్తలేదు. తుమ్ముడే తుమ్ముడు. దీని ముక్కు పోయిందని రాసుకున్నరు. శనివారం ఇంకొకసారి చూస్తరు. గప్పుడు సుత తప్పితే తీసేస్తరు. తీసేసుడంటే ఏందో నీకు తెలుసు గదా?"

నాకూ తెలుసు. పనికిరాని కుక్కను వాళ్లు పెంపకానికి ఇచ్చేవాళ్లు కాదు, సూది వేసేవాళ్లు.

నాయిన పట్టా తీసుకున్నాడు. దిబ్బడేసిన ముక్కుతో వాసన చూశాడు, తెలియలేదు. నాలుక కొసతో తాకాడు. తెలిసింది. ఆయన నా వైపు చూస్తాడని పొయ్యి దగ్గర దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. చూడలేదు. "నా తప్పే నర్సింగూ. పురుగు పడ్తదని పెట్టెల గోళీలేసిన. మతి లేక జేసిన" అన్నాడు. నర్సింగ్ నమ్మలేనట్టు చూసి, తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాడు. "ముప్పై ఏండ్ల సంది చేస్తున్నవ్, నీకు కుక్క ముక్కు సంగతి తెల్వదా? తాగి కూసున్నవా?" అన్నాడు. తన జన్మలో చుక్క ముట్టని మనిషి మా నాయిన. తల ఊపాడు, ఔనన్నట్టూ కాదన్నట్టూ కాకుండా. అమ్మ పొయ్యి మీంచి గిన్నె దించి నన్ను చూసింది. తర్వాతెప్పుడో అంది, "మీ నాయిన ముక్కు మూసుకపోయింది గని, నాది కాదు" అని. అప్పుడు మాత్రం తనూ నోరు విప్పలేదు. నేను ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. ఆ మాట నా గొంతు దాకా వచ్చింది, పద్మజకు తెలిసిపోతుందని దాన్ని మింగాను. చూడండి, కుక్క ప్రాణం ఒకవైపు, నాయిన పరువు ఒకవైపు ఉండగా నాకు గుర్తొచ్చింది పద్మజ. నా మీద నాకు అసహ్యం అంటే అందుకే అంటాను.

మూడు రోజుల్లో నాయిన కొత్త పట్టా చేశాడు. చేతికందిన తోలుచుట్టలన్నిటికీ డాంబర్ పట్టింది కాబట్టి వాటిని ముట్టలేదు, తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లి పదును చేసిన వేరే తోలు తెచ్చుకున్నాడు. ఇంట్లో కాకుండా పెరట్లో వేపచెట్టు కింద కుట్టాడు, జ్వరం మీద కుట్టాడు. రెండు రోజులు కట్టుకుని తిరిగే వ్యవధి లేదని కుడుతూ కుడుతూనే ఒంటికి బిగించుకుని, విప్పి, చెక్కి, మళ్లీ బిగించుకున్నాడు. ఛాతీ మీద తోలు లేచి నీరు కారింది. నేను మజ్జిగ తీసుకెళ్తే తాగాడు, గ్లాసు చేతికిచ్చి, "లోపలికి పో బిడ్డా, నీ తలల నూనె ఉన్నది" అన్నాడు. ఆ మాటలో నింద ఉందా అని ఎన్నేళ్లు వెతుక్కున్నానో. ఉండి ఉంటే దాన్ని పట్టుకుని ఏడ్చేదాన్ని.

శనివారం సాయంత్రం నర్సింగ్ వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "కొత్త పట్టాతోని షీలా పాసైంది అన్నా. పోయిన పాణం లేచొచ్చింది" అన్నాడు. నాయిన రెండు చేతులూ పైకెత్తి దేవునికి స్తోత్రం అన్నాడు. నర్సింగ్ చెప్పుల వైపు చూసుకుంటూ, "సార్లు ఇగ నీకు పని ఇయ్యద్దన్నరు. నైలాన్ పట్టాలు తెప్పిస్తరంట. నేనేం జెయ్యను?" అన్నాడు. ఏం ఫికర్ లేదు, కుక్క బతికింది గదా అన్నాడు నాయిన. ఆ తర్వాత మా నడవలో పట్టా తయారవలేదు. నాయిన చెప్పులకు, చేతిసంచులకు అతుకులు వేశాడు. రెండు సూదులతోనే వేశాడు. మా ఇంట్లో కొవ్వు వాసన నెమ్మదిగా పోయింది. నేను కోరుకున్నదే జరిగింది, పప్పు పప్పులా వాసనొచ్చింది, నాకు మాత్రం సహించేది కాదు. చెడిపోయిన ఆ పట్టాను నాయిన పారేయలేదు, కోసి వేరే పనికి వాడలేదు. నడవలో మేకుకు తగిలించాడు. అమ్మ ఏడాదికోసారి దానికి ఆముదం రాసేది, ఎందుకో నేను అడగలేదు.

చాలా ఏళ్ల తర్వాత, నాకు ఉద్యోగం వచ్చి, పెళ్లయి, పిల్లలయ్యాక, పంజాగుట్టలో ఒక ఆస్పత్రి మంచం మీద నాయిన ఆఖరి రోజులు గడిచాయి. ముక్కులో గొట్టం ఉండేది. అందరూ బయటికి వెళ్లిన సమయం చూసి ఆయన చెయ్యి పట్టుకున్నాను. "నాయినా, ఆ గోళీలు..." అన్నాను. ఆయన కళ్లు తెరిచి, మంచం కిందికి చూడబోతున్నట్టు తల కొంచెం పక్కకు వాల్చి, "ఎలుక దొరికిందా బిడ్డా?" అన్నాడు. నవ్వుతున్నాడు. "దొరికింది నాయినా" అన్నాను. "సాలు తియ్" అని కళ్లు మూసుకున్నాడు. ఇలాంటిదాన్ని పెద్ద మనసని అంటారు జనం. నాకది పొగడ్తగా చాలదు. ఒరుసుకునేదేదో అంతకాలం చొక్కా కింద కట్టుకుని తిరిగాడు మనిషి, ఎక్కడ కమిలిందో నాకు చూపించనేలేదు.

మాల్ నుంచి వచ్చిన సాయంత్రం బీరువా అడుగున అమ్మ పాతచీరలో చుట్టి ఉన్న ఆ పట్టాను తీశాను. అమ్మ పోయాక ఏడాదికోసారి ఆముదం రాసే పని నాదైంది, తలుపు వేసుకుని చేసేదాన్ని. డాంబర్ వాసన ఎప్పుడో పోయింది. తోలు వాసన పోలేదు. పట్టీల్ని ఒక్కొక్కటీ వంచి చూశాను, ఒక్క కుట్టు వదులవలేదు, ఇత్తడి కొక్కెం ఒక్కటే బిగుసుకుపోయింది. షారోన్ ముక్కు చిట్లించి, "ఛీ, ఇదేం వాసన అమ్మమ్మా, పర్ఫ్యూమ్‌లో ఇలా లేదే" అంది. చెప్పాను, మొత్తం చెప్పాను. ఆ పిల్ల పట్టాను బిస్కెట్ ముందు పెట్టింది. కుక్క దాని చుట్టూ తిరిగి తిరిగి వాసన చూసి, దాని మీదే పడుకుంది. ఇప్పుడే కట్టేద్దామా అంది షారోన్. వద్దన్నాను, రెండు రోజులు ఆగాలని.

మర్నాడు జాకెట్టు మీంచి, పైట కింద, భుజం మీదుగా చంక కిందికి పట్టా బిగించుకుని, దాని కొక్కెం బాగుచేయించడానికి అమీర్‌పేటకు బయల్దేరాను. పంజాగుట్ట మెట్రో తనిఖీలో ఇత్తడి కొక్కేనికి యంత్రం కుయ్యిమంది. కాపలా అమ్మాయి తడిమి చూసి, "ఏందమ్మా లోపల?" అంది. కుక్క పట్టా అన్నాను. "కుక్క పట్టా మీరెందుకు కట్టుకున్నరు?" కుక్కకు చెప్పడం రాదు కదమ్మా అన్నాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, పెద్దావిడ, పోనీలే అన్నట్టు వదిలేసింది.

ఒక్క స్టేషన్ దూరం. రైల్లో నా పక్కన కోచింగ్ పుస్తకాలు ఒళ్లో పెట్టుకున్న ఒక అమ్మాయి కూర్చుంది. రద్దీకి, వేడికి నా ఒంటి మీది పట్టాలోంచి ఆముదం పైకి తేలింది. ఆ పిల్ల చున్నీ కొస ముక్కుకు పెట్టుకుని, ఇటూ అటూ చూసి, "ఏంటి ఆంటీ, ఏదో చచ్చిన వాసన వస్తోంది, మీకూ వస్తోందా?" అంది. పద్మజ గొంతే, పద్మజ వయసే. ఇన్నేళ్లయినా నా నాలుక మీదికి మొదట వచ్చిన మాట ఎలుకే. దాన్ని మింగాను.

"తోలమ్మా" అన్నాను. "నా ఒంటి మీదుంది. మా నాయిన చేసింది."

ఆ పిల్ల జరిగి కూర్చుంది. జరగనీ. ఎడమ చంక కింద రెండు వేళ్ల మేర ఒరుసుకుంటోంది, అక్కడ అంచు చెక్కాలి.